గ్యాసుగుంత దగ్గర మా బోటనీ మేడం

మొన్న మంగళవారం పొద్దున నేను స్కూలుకు బయలుదేరుతుంటే వంటపిన్ని మా గుమ్మంలోకి వచ్చింది. సత్తెనపల్లిలో నేను కాపురం పెట్టి నాలుగేళ్ళయినా ఆమె మా ఇంటికి రావడం అదే మొదలు. కాళ్ళు కడుక్కోమని చెంబు ఇస్తే అందుకోలేదు.

"మేడమ్మ పోయిందే," అంది. "తెల్లారగట్ల నిద్దర్లోనే పోయిందంట. కాలేజీకి ఫోనొచ్చింది. నీకెవరు చెబుతార్లే అని మొదటి బస్సెక్కి నేనే వచ్చా."

ఇద్దరం గడప మీదే కూర్చున్నాం. కాసేపటికి ఆమే లేచి, "మాచర్ల బస్సు ఎన్నింటికి? మట్టి చేసేలోపల పోవాల," అంది. నేను స్కూలుకు సెలవు చీటీ రాసి పంపి, చీర కూడా మార్చుకోకుండా ఆమె వెంట నడిచాను.

ఆ మేడం ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. నరసరావుపేటలో ఒక ఆడపిల్లల కాలేజీలో బోటనీ లెక్చరరు. ఎప్పుడూ పేపర్లో పడలేదు, ఏ సన్మానమూ జరగలేదు. నేను అదే కాలేజీలో నాలుగేళ్ళు కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటరుగా పనిచేశాను. వంటపిన్ని ఆ కాలేజీ హాస్టల్లో వంట మనిషి. మా ముగ్గురికీ స్నేహం కుదిరింది ఒక గ్యాసుగుంత దగ్గర. దాని కథ చెబితే తప్ప ఆవిడ గురించి చెప్పినట్టు కాదు.

మేడం పొట్టి మనిషి. ఎప్పుడూ నేత చీరే. మెడలో ఒక వెండి సిలువ, పక్కనే నల్లదారానికి కట్టిన భూతద్దం వేలాడుతుండేవి. సిలువ చర్చికి, అద్దం కాలేజీకి అని పిల్లలు నవ్వుకునేవాళ్ళు. చేతికి ఏది దొరికినా ముందు వాసన చూసేవారు. ఖాళీ సిరాబుడ్లు కడిగి దాచి, వాటిలో ఏవేవో వేసి, బస్సు టికెట్ల వెనక పేర్లు రాసి అంటించేవారు. ఆవిడ బీరువా తలుపు తీస్తే లాబ్ అంతా పాత పచ్చళ్ళ గది వాసన వేసేది.

నేను చేరిన కొత్తలో రెండు రోజుల సెలవుకు ఊరెళుతూ టిఫిను డబ్బా స్టాఫ్ రూములో మర్చిపోయాను. వచ్చి చూస్తే లోపల చపాతీ మీద దూదిలాగా తెల్లగా, మధ్యలో నల్ల చుక్కలతో బూజు. పారెయ్యబోతుంటే మేడం చెయ్యి పట్టుకున్నారు.

"ఇటివ్వమ్మాయ్."

"కుళ్ళిపోయింది మేడం."

"కుళ్ళింది అనకు. ఎవరో తింటున్నారు అను. ఆ తినేదెవరో కనుక్కోవడమే మన పని."

ఆ మాట ఆవిడ నోట తర్వాత ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

హాస్టల్ వంటిల్లు మా లాబ్‌కు వెనకవైపు. డెబ్బై మంది పిల్లలకు మూడు పూటలా వండాలి. పొయ్యిలోకి పత్తి కంప. వానాకాలంలో ఆ కంప తడిసి మండదు, పొగ మాత్రం గుమ్మాలు దాటి వచ్చేది. వంటపిన్ని దగ్గు మాకు క్లాసుల మధ్య బెల్లులాగా వినపడేది. ఆమెకు అప్పటికి నలభై ఐదేళ్ళుంటాయేమో. కుడి కంట్లో పువ్వు వేసింది, రెండో కన్ను ఎప్పుడూ ఎర్రగా ఉండేది. భర్త లేడు, పిల్లలు లేరు. వంటింటి పక్క కొట్టిడీయే ఇల్లు. ఉద్యోగం పోతే ఆ పూటకు తల దాచుకునే చోటు కూడా లేదు.

ఒకరోజు మేడం ఊరగాయ మీది బూజు కోసం వంటింట్లోకి వెళ్ళి అరగంట అక్కడే ఉండిపోయారు. తిరిగి వచ్చేసరికి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఊరగాయ సంగతే మర్చిపోయారు. "ఆ మనిషి రోజుకు పది గంటలు అందులో ఉంటోంది," అని మాత్రం అని, నేరుగా ప్రిన్సిపాల్ గదికి నడిచారు.

హాస్టల్ పెరట్లో అప్పటికే ఒక గోబర్‌గ్యాసు గుంత ఉంది. సర్కారు స్కీములో కట్టింది. ఇటుకల బావి, దాని మీద బోర్లించిన ఇనప డ్రమ్ము. గ్యాసు నిండితే డ్రమ్ము పైకి లేస్తుంది, వాడితే దిగుతుంది. పేడ ఇస్తానన్న రైతు రెండు నెలలిచ్చి, మిరప చేనుకు కావాలని మానేశాడు. అప్పటి నుంచి డ్రమ్ము తుప్పు పడుతూ పడి ఉంది. మేడం అడిగింది ఒక్కటే. పేడ దొరకకపోతే పోయింది, హాస్టల్లో మిగిలే అన్నం, కూరలు, తొక్కలు పోసి చూద్దాం అని.

ప్రిన్సిపాల్ సరేనన్నారు. రెండు బండ్ల పేడ ఒక్కసారికి తెప్పించి గుంత మొదలుపెట్టాం. తర్వాత రోజూ కాస్త పేడ నీళ్ళలో మిగిలిన అన్నం పిసికి పోసేవాళ్ళం. మూడో వారం డ్రమ్ము లేచింది. వంటింట్లో గొట్టం దగ్గర మేడం అగ్గిపుల్ల గీస్తే నీలంగా మంట వచ్చింది. వంటపిన్ని ఆ మంటకు దణ్ణం పెట్టి, "ఇది కట్టెలు అడగదా?" అని అడిగింది. "అన్నం అడుగుద్ది," అన్నారు మేడం. ఉదయం కాఫీ, టిఫిను, పప్పు దాని మీదే అయ్యేవి. అన్నం మాత్రం కంప మీదే. అయినా ఆమెకు సగం పొగ తప్పింది.

తప్పు జరిగింది కాలేజీ వార్షికోత్సవం నాడు.

ఆ రోజు వానొచ్చి అతిథులు సగం మందే వచ్చారు. మూడు గంగాళాల పులిహోర, అన్నం మిగిలిపోయింది. సాయంత్రానికి పాడవుతున్న వాసన. మేడం ఏదో మీటింగు హడావిడిలో ఉన్నారు. వంటపిన్ని వచ్చి అడిగింది.

"ఇదంతా గుంతలో పొయ్యమంటారా మేడమ్మా? ఇంత పోస్తే దానికి అరగదేమో. బాలింతకు పెట్టినట్టు కొద్దికొద్దిగా పెట్టాల గదా."

"ఏం కాదు, పొయ్యి పిన్నీ. పారేసేకంటే నయం."

నేను పక్కనే ఉన్నాను. ఆ మాట నా చెవులతో విన్నాను.

రెండు రోజులకు గుంత నురగలు కక్కింది. వాసన మారింది, పేడ వాసన పోయి పుల్లటి వాసన. డ్రమ్ములో గ్యాసు ఉన్నట్టే ఉండేది, అగ్గిపుల్ల పెడితే ఆరిపోయేది. నాలుగో రోజు పిల్లలకు పబ్లిక్ పరీక్ష. తెల్లారి గ్యాసు మీద ఉప్మా ఎక్కించబోతే మంట రాలేదు. కంప తడిసి ఉంది. పొయ్యి రాజుకునేలోగా టైమైపోయి పిల్లలు ఖాళీ కడుపుతో పరీక్షకు వెళ్ళారు. ఒకమ్మాయి హాల్లో కళ్ళు తిరిగి పడిపోయింది.

సాయంత్రానికి కాలేజీ కమిటీ సెక్రటరీగారు వచ్చారు. పెద్ద రైతు, ఊళ్ళో పలుకుబడి ఉన్న మనిషి. వంటింటి ముందు నిలబడి కేకలు వేశారు.

"ఏమే, ఏం పోశావు దాంట్లో? చింతపండు పోశావంటగా?"

వంటపిన్ని తల వంచుకుని నిలబడింది. మేడం పేరు ఎత్తలేదు.

"కళ్ళు కనపడవు, ఏది పోస్తున్నావో తెలవదు. రేపట్నుంచి నువ్వు రాబళ్ళా. ఆ గుంత కూడా పూడ్చిపారేయండి."

మేడం అప్పుడే లాబ్ మెట్లు దిగి వస్తున్నారు. వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. గొంతు పెంచలేదు.

"తప్పు నాదండీ. అంత పోస్తే అరగదని ఆమె నాతో అంది. నేనే వినలేదు, పొయ్యమన్నాను. పరీక్షకు పిల్లలు పస్తు పోయింది నా వల్ల. పంపించాల్సి వస్తే నన్ను పంపించండి."

సెక్రటరీగారు నా వైపు చూశారు. నేను నిజమేనన్నట్టు తలూపాను. మరుసటి రోజు మేడం ఆ మాటే కాగితం మీద రాసి, సంతకం చేసి ఆఫీసులో ఇచ్చారు. హాల్లో పడిపోయిన అమ్మాయి ఇంటికి వెళ్ళి వాళ్ళ నాన్న ముందు కూడా అదే చెప్పి వచ్చారు. ఆయన నానా మాటలన్నాడట. ఏమన్నాడో మాకు చెప్పలేదు.

కమిటీ చివరికి ఒక నెల గడువిచ్చింది. నెలలో గ్యాసు రాకపోతే గుంత పూడ్చడం ఖాయం. వంటపిన్ని సంగతి కూడా అప్పుడే తేలుస్తామన్నారు.

ఆ నెల నాకు బాగా గుర్తు. రోజూ ఉదయం నేను గుంత నీళ్ళలో లిట్మస్ కాగితం ముంచేదాన్ని. నీలం కాగితం టక్కున ఎర్రబడేది. అన్నం పొయ్యడం పూర్తిగా ఆపేశాం. సున్నం తేట కొంచెం కొంచెంగా పోశాం. అన్నాన్ని పులియబెట్టే క్రిములు తొందరపడి పుల్లగా చేసేశాయని, గ్యాసు చేసేవి ఆ పులుపుకు తట్టుకోలేక పడుకున్నాయని మేడం వంటపిన్నికి వివరించారు. ఆమె వెంటనే, "దోసెల పిండి ఎండాకాలం పొంగిపొర్లినట్టు," అంది. మేడం, "అంతే. నాకు నీకున్నంత తెలివి కూడా లేకపోయింది," అన్నారు.

పదిహేను రోజులకు కాగితం ఎర్రబడటం తగ్గింది. గ్యాసు వచ్చింది కానీ నీరసంగా వచ్చింది. గుంతలో ఇంకో చిక్కు బయటపడింది. విస్తరాకులు, అరటి దొప్పలు, మునక్కాయ పిప్పి అరక్కుండా పైన మందంగా తెట్టు కట్టాయి. కర్రతో పొడిస్తే మూరెడు లోతుంది. ముగ్గురం చుట్టూ నిలబడి చూస్తున్నాం.

"గేదె ఎండుగడ్డి తిని అరిగించుకుంటది. దీనికేం రోగం?" అంది వంటపిన్ని విసుగ్గా.

మేడం కర్ర అక్కడే వదిలేసి ఆమె వైపు తిరిగారు. "మళ్ళీ అను," అన్నారు. ఆమె భయపడి, "నేనేమన్నా, గేదె అన్నా," అంది.

మర్నాడు ఉదయం మేడం బజారు చివర మాంసం కొట్టుకు వెళ్ళారు, తోడు నేను. గడ్డిని అరిగించే క్రిములు గేదె పొట్టలోలాగే మేక పొట్టలోనూ ఉంటాయని దారిలో చెప్పారు. కొట్టు సాయిబుగారు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఆవిడ అక్కడికి మాంసానికి రాలేదని తెలిసి మరీ ఆశ్చర్యపోయాడు.

"మేక పొట్టలో ఉండే మేత కావాలి తమ్ముడూ. కోసిన వెంటనే, వెచ్చగా ఉండగానే. గాలి తగలకుండా మూత డబ్బాలో."

"అది పారేసేది గదమ్మా. ఏం జేసుకుంటారు?"

"మాకో జబ్బుమనిషి ఉంది. మందు."

ఆయన నవ్వి, తనే తెచ్చిస్తానన్నాడు. గొడవ అంతా వంటపిన్నితో వచ్చింది. ఆమె మడి మనిషి. కోడిగుడ్డు కూడా ముట్టదు.

"మాంసం కొట్టు సరుకు నా వంటింటి దగ్గరికొస్తే నేను పోతా. కమిటీ పంపించే పనే లేదు, నేనే పోతా."

మేడం బతిమాలలేదు, పాఠం చెప్పలేదు. "నీకు కష్టమైతే వద్దు పిన్నీ, మానేద్దాం," అన్నారు. అని నిజంగానే సాయిబుగారికి వద్దని కబురు చెప్పమన్నారు. గడువు ఇంకా పన్నెండు రోజులుంది. నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం వంటపిన్ని లాబ్ గుమ్మం దగ్గరకొచ్చి, లోపలికి రాకుండా, అడిగింది.

"మేక తినేది గడ్డే గదా మేడమ్మా?"

"గడ్డీ, ఆకులే. ఆ పొట్టలో ఉండేది నమిలిన ఆకు."

"అయితే తెమ్మనండి. నేను మాత్రం ముట్టుకోను."

సాయిబుగారు డబ్బా సైకిలుకు కట్టుకుని వచ్చాడు. పెరటి గేటు బయట చెప్పులు విడిచి, కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికి వచ్చాడు. మేడం చెప్పినట్టు, కత్తిరించిన విస్తరాకులు, గోరువెచ్చని నీళ్ళు ఉన్న వేరే చిన్న డ్రమ్ములో ఆ మేత పోసి గట్టిగా మూత బిగించాడు. "అక్కగారికి ఇబ్బంది లేకుండా నేనే వచ్చి పోస్తాలే," అన్నాడు దూరంగా నిలబడ్డ వంటపిన్నిని చూస్తూ. మూడో రోజు ఆయన వచ్చేసరికి గేటు దగ్గర కాళ్ళు కడుక్కోవడానికి బిందెతో నీళ్ళు పెట్టి ఉన్నాయి.

నాలుగు రోజులు ఆ మూత డ్రమ్ములో నానిన ఆకు మెత్తబడి, వేళ్ళతో నలిపితే పీచుగా విడిపోయేది. దాన్ని రోజుకింత గుంతలోకి వదిలాం. మేడం ఒక బొట్టు మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను పిలిచారు. ఆకు ముక్కలోకి వేళ్ళలాగా సన్నని దారాలు దిగి ఉన్నాయి. ఒక దారం చివర చిన్న తిత్తి. చుట్టూ తోకలున్న చుక్కలు ఈదుతున్నాయి.

"బూజులాగా ఉంది. కానీ బూజుకు గాలి కావాలి కదా మేడం? మూత పెట్టిన డబ్బాలో ఎట్లా బతుకుతుంది?"

"పుస్తకం అట్లాగే అంటోంది. ఇది పుస్తకం చదవలేదేమో."

ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు. పెన్సిలుతో బొమ్మలు వేస్తూ కూర్చున్నారు.

గడువుకు మూడు రోజుల ముందు తెట్టు పలచబడింది. డ్రమ్ము లేచింది. సెక్రటరీగారిని వంటింట్లోకి పిలిచి ఆయన చేతికే అగ్గిపెట్టె ఇచ్చారు మేడం. మంట నిలబడింది. ఆయన కాసేపు చూసి, "సరే, కానియ్యండి," అని వెళ్ళిపోయారు. అదే మాకు దక్కిన మెప్పు. వంటపిన్ని ఉద్యోగం నిలిచింది. ఆ వేసవిలో మేడం ఆమెను గుంటూరు తీసుకెళ్ళి కంటికి ఆపరేషను చేయించారు. ఒక కన్ను బాగైంది. రెండోది ఆలస్యమైందన్నారు.

ఆ దారాల గురించి మేడం ఒక పెద్ద ప్రొఫెసరుగారికి బొమ్మలతో సహా ఉత్తరం రాశారు. రెండు నెలలకు నాలుగు వాక్యాల జవాబు వచ్చింది. గాలి లేని చోట బూజు బతకదు, మీ పరికరాలు శుభ్రంగా లేక బయటి నుంచి పడి ఉంటుంది అని. ఆవిడ ఆ ఉత్తరం నాకు ఇచ్చి కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డారు. వీపు మాత్రమే కనిపించింది. తర్వాత అన్ని సిరాబుడ్లూ మళ్ళీ ఉడకబెట్టి, ఒకదాంట్లో కాచి చల్లార్చిన మేత, ఇంకోదాంట్లో కాచనిది పోసి, రెంటిలోనూ ఆకు వేసి మూత పెట్టించారు. కాచిన బుడ్డిలో ఆకు అట్లాగే ఉంది. రెండోదాంట్లో చివికింది. నేను ఎగిరి గంతేశాను. ఆవిడ మాత్రం నోటుబుక్కులో ఇట్లా రాయించారు: "కాస్తే బాక్టీరియా కూడా చస్తుంది. కాబట్టి ఈ పని బూజుదా, బాక్టీరియాదా, ఇద్దరూ కలిసి చేస్తున్నారా, తెలియదు."

"తెలియదని రాస్తే ఎవరు ఒప్పుకుంటారు మేడం?"

"తెలియదన్నది నిజమైతే అదే రాయాలి. తెలిసినట్టు చెప్పి ఒకసారి పిల్లల్ని పస్తు పెట్టాను."

నాకు పెళ్ళై సత్తెనపల్లి వచ్చేశాను. మేడం రిటైరై రెంటచింతలలో అక్కగారి ఇంటికి చేరారు. హాస్టలుకు సిలిండర్లు వచ్చాక గుంతను పట్టించుకునేవాళ్ళు లేకుండా పోయారు. ఈ మధ్యే పూడ్చేశారట. పోయిన ఏడాది నేను రెంటచింతల వెళ్ళి మేడంను చూసినప్పుడు ఆవిడకు ఆయాసం. మంచం మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ ఒక ఉత్తరం చూపించారు. పై చదువులకు వెళ్ళిన పాత విద్యార్థిని రాసింది. పశువుల పొట్టలో గాలి లేకుండా బతికే బూజులు ఉన్నాయని విదేశాల్లో ముందే కనిపెట్టారట, ఇప్పుడు తమ లాబ్‌లోనూ వాటి గురించి చెబుతున్నారట.

"మీరు చూసింది అదే కదా మేడం! ఆ ప్రొఫెసరుగారికి రాయండి," అన్నాను కోపంగా.

"ఆయన చదువుకునే ఉంటాడులే. నా కళ్ళు తప్పు చూడలేదు, అది చాలు." ఉత్తరం మడిచి, "ఈ సంగతి పిన్నికి చెప్పు. గేదె గురించి అడిగింది ఆమే," అన్నారు.

నేను చెప్పలేదు. ఏదో పనుల్లో పడి, ఈసారి నరసరావుపేట వెళ్ళినప్పుడు చెబుదామని ఊరుకున్నాను. మొన్న బస్సులో రెంటచింతల వెళుతూ చెప్పాను. వంటపిన్ని విని, "నా మాట అంత దూరం పోయిందా?" అంది. అని కిటికీ వైపు తిరిగింది.

మేము చేరేసరికి చర్చి గంట మోగుతోంది. ఎండకు నేల కాలుతోంది. సాయిబుగారు పొద్దున వంటపిన్ని చెప్పగానే కొట్టు మూసి మాకంటే ముందే వచ్చి సమాధుల గోడ దగ్గర టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఫాదరుగారి ప్రార్థన అయ్యాక అందరితోపాటు మేమూ తలా ఒక పిడికెడు మట్టి వేశాం. మేడం అక్కగారు మమ్మల్ని గుర్తుపట్టి, "మీ ముగ్గురి గురించి చెబుతానే ఉండేదమ్మా," అన్నారు.

సాయంత్రం నాలుగున్నర బస్సుకు ముగ్గురం ఒకే సీట్లో కూర్చుని బయలుదేరాం. గురజాల దాటాక రోడ్డుకు రెండువైపులా కళ్ళాల్లో ఎండిన మిరపకాయలు, కనుచూపు మేర ఎర్రగా. ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని బస్తాలకెత్తుతున్నారు. కిటికీల్లోంచి ఘాటు ఒక్కసారిగా బస్సంతా కమ్మింది. డ్రైవరు దగ్గాడు. కండక్టరు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ముందు సీట్లో చంటిపిల్ల తుమ్ముతోంది. అందరి కళ్ళల్లోనూ నీళ్ళు. వంటపిన్ని, సాయిబుగారు, నేను తలలు వంచుకోకుండా, కళ్ళు తుడుచుకోకుండా, ఆ మిరప కళ్ళాలు దాటేదాకా అట్లాగే కూర్చున్నాం.